చెడిన గీజరునకు బదులేది? ఇంటికి తగిన వేడినీటి సాధనమును ఎంచుకొను విధము

కార్తీకము ప్రవేశించి చలిగాలి తిరిగినతోడనే పట్టణములలోని విద్యుత్సామగ్రి దుకాణములయందు గీజరుల బేరము హెచ్చును. కొనవచ్చువారిలో అనేకులు మొదటిసారి కొనువారు కారు. ఇంటిలోని పాత గీజరు చెడుటచే దానికి బదులు తెచ్చుకొనువారే. వీరు వర్తకుని అడుగు ప్రశ్న సాధారణముగ ఒక్కటే, "వెల యెంత?" అని. వర్తకుడును ఆ ప్రశ్నకే ప్రత్యుత్తర మిచ్చును. పాతది ఏల చెడినది, మన నీరు ఎట్టిది, మన ఇంటి తీగ ఎంత బరువు మోయగలదు అను ప్రశ్నలను అడుగువాడును లేడు, చెప్పువాడును లేడు. అందువలన క్రొత్త యంత్రము కూడ పాతదాని త్రోవనే పట్టి కొలది యేండ్లకే మూలబడుచున్నది.

దొడ్డిలో ఎద్దు చచ్చినచో వివేకియగు రైతు మఱియొక ఎద్దు కొఱకు సంతకు పోవుటకు ముందు మొదటిది ఏ రోగముచే చచ్చినదో విచారించును. దొడ్డిలో జాడ్యము నిలిచియున్నంతవఱకు ఎంత వెలపెట్టి తెచ్చినను క్రొత్త ఎద్దు దక్కదు. గీజరు విషయమును ఇట్టిదే. ఇంతేకాక ఇందు ధనముతోబాటు ప్రాణమును ఇమిడియున్నది. ఎర్తు లేని స్నానపుగదిలో కరెంటు తగిలియు, మూసిన గదిలో గ్యాసు గీజరు వెలిగించుకొని ఊపిరాడకయు మరణించినవారి వార్తలు చలికాలమున పత్రికలలో కనబడుచునే యున్నవి. కావున ఈ విషయమును సభ్యులు కొంత ఓపికతో చదువ ప్రార్థన.

1. పాతది నిజముగ చెడినదా?

గీజరులో ముఖ్యమైన అంగములు నాలుగు: నీరు నిలుచు తొట్టి, నీటిని కాచు కడ్డీ, వేడిమి చాలినంతనే కరెంటును ఆపు థర్మోస్టాటు, ఒత్తిడి హెచ్చినచో నీటిని వెలికి విడుచు రక్షక కవాటము. వీనిలో తొట్టి తప్ప మిగిలిన మూడును మార్చదగినవే.

నీరు బొత్తిగా వేడెక్కకున్నచో కడ్డీ కాలిపోయి యుండవచ్చును, లేదా థర్మోస్టాటు చెడి యుండవచ్చును. నీరు వేడెక్కుటకు మునుపటికంటె చాల కాలము పట్టుచున్నచో కడ్డీకి సున్నపు గార పట్టి యుండవచ్చును, లేదా ఊరిలో వోల్టేజి తగ్గి యుండవచ్చును. ఇవన్నియు మరమ్మతుతో పోవు దోషములు. తొట్టి అడుగుననో అతుకులయొద్దనో నీరు కారుచున్నచో మాత్రము తొట్టి తుప్పుపట్టి చిల్లిపడినదని తెలియవలెను. అట్టిదానికి మాటు వేయించుట దండుగ. దానిని మార్చుటయే మంచిది.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసి యున్నది. నీరు కాగుచుండగా రక్షక కవాటమునుండి బొట్లు రాలుటను చూచి గీజరు కారుచున్నదని కొందఱు కంగారుపడి, ఆ రంధ్రమును బిరడాతో మూయుదురు. ఇది మిక్కిలి అపాయకరము. నీరు వేడెక్కినప్పుడు వ్యాకోచించును. 25 లీటర్ల నీరు 25 డిగ్రీల సెంటిగ్రేడునుండి 65 డిగ్రీలకు కాగినచో సుమారు 400 మిల్లీలీటర్లు పెరుగును. తిరిగి పోవుటకు దారి లేనప్పుడు ఆ పెరిగిన నీరే కవాటము గుండ వెలికి వచ్చును. దానిని మూసినచో ఒత్తిడి తొట్టిమీద పడును. థర్మోస్టాటు కూడ చెడి యున్నచో తొట్టి పగులుటకును అవకాశము గలదు.

నీటిని ముట్టినప్పుడు గాని, కొళాయిని పట్టినప్పుడు గాని చిమచిమలాడినచో ఆ క్షణముననే మెయిన్ స్విచ్చి తీసివేసి, పనివాడు వచ్చి చూచువఱకు గీజరును వాడరాదు. కొంచెమే గదాయని ఉపేక్షింపరాదు.

2. మన నీరు ఎట్టిది?

గీజరుల మరణమునకు మొదటి కారణము నీరే. బోరునీటియందు సున్నము, మెగ్నీషియము సంబంధమైన లవణములు కరగి యుండును. నీరు చల్లగా నున్నంతవఱకు ఇవి కంటికి కనబడవు. కాచినప్పుడు, అందును 60 డిగ్రీలు దాటినకొలది, ఇవి విడివడి తెల్లని గారగా కడ్డీకిని తొట్టికిని అంటుకొనును. గార పట్టిన కడ్డీయందలి వేడి నీటికి సరిగా చేరదు. కడ్డీ లోలోపల మితిమీరి కాలి కడకు పగులును. పంటకు నీరు పెట్టు కాలువలో పూడిక పేరుకొన్నట్లే ఇదియును.

నీటి కాఠిన్యమును తెలిసికొనుట కష్టము కాదు. సబ్బు నురుగు రాకుండుట, నీళ్ళు కాచు గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట దానికి గుర్తులు. అంకెలు కావలెనన్నచో గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయింపవచ్చును. త్రాగునీటి విషయమున భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 10500 (2012) ననుసరించి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాముల లోపున నుండుట మేలు. వేఱు ఆధారము లేనప్పుడు 600 వఱకు సమ్మతింపవచ్చును. ఇది త్రాగుటకు చెప్పిన పరిమితియే గాని గీజరునకు చెప్పినది కాదు. 200 దాటిన నీటిలో గీజరునకు ఏటేట శుభ్రత అవసరమనియు, 600 సమీపించిన నీటిలో గార అతిశీఘ్రముగ పట్టుననియు గ్రహించిన చాలును. వర్తకులు జేబులోనుండి తీసి చూపు టి.డి.ఎస్. కలము నీటిలోని మొత్తము లవణములను అంచనా వేయునే గాని కాఠిన్యమును వేఱుగా చెప్పజాలదు.

మంచి యుపాయ మొకటి గలదు. ఒక్క యింటికి బోరునీరును, శుద్ధిచేసిన నదీజలమును రెండును వచ్చు గ్రామములు నేడు పెక్కు గలవు. తెలంగాణమున 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా గోదావరీ జలములు ఇండ్లకు చేరుచున్నవి. ఆంధ్రదేశమున కాలువల క్రింది గ్రామములకు కాలువనీరు గలదు. నదీజలము సాధారణముగ బోరునీటికంటె మెత్తనిది. ఐదుగురు గల యింటికి దినమునకు గీజరులోనుండి కావలసినది, తరువాత చూపబోవు లెక్క చొప్పున, 40 లీటర్లు మాత్రమే. ఈ కొంచెము నీటికి మిద్దెమీద వేఱొక చిన్న తొట్టి నుంచి గీజరునకు మెత్తనినీరును, స్నానమునకు కలుపుకొను చన్నీళ్ళకు బోరునీరును ఏర్పాటు చేసికొన్నచో గీజరు ఆయుర్దాయము ఎంతయో పెరుగును. క్రొత్తది కొనుటకు ముందు చేయదగిన పని ఇది.

ఈ యవకాశము లేనివారు తొట్టి లోపలి పూతను, కడ్డీ లోహమును విచారింపవలెను. ఇనుప తొట్టికి లోపల గాజుపూత వేసినవి కఠినజలమునకు ఓర్చును. సముద్రతీర గ్రామములలోని ఉప్పునీరు సాధారణ స్టెయిన్‌లెస్ ఉక్కును కూడ క్రమముగ తినివేయును గావున అచ్చట గాజుపూతదియే మేలు. కడ్డీ రాగితొడుగుదానికంటె నికెలు, క్రోమియము, ఇనుము కలిసిన ఇన్‌కొలాయ్ అను మిశ్రలోహముతో చేసినది గట్టిది. తొట్టిలో మెగ్నీషియపు కడ్డీ యొకటి వ్రేలాడుచుండును. అది తాను కరగిపోవుచు తొట్టిని తుప్పునుండి కాపాడును. అది కరగి ముగిసిన పిమ్మట తుప్పు తొట్టిని పట్టును. పొలమునకు ఎర వేసినట్లు దీనినిగూడ కఠినజలమున ఏటేట చూచి, అరిగినచో మార్పింపవలెను. అనేక గృహములలో ఈ కడ్డీ యున్న సంగతియే తెలియక గీజరు నష్టమగుచున్నది.

3. ఎంత వేడినీరు కావలయును?

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడి చేయుటకు ఒక కిలో కేలరీ వేడిమి పట్టును. ఒక యూనిట్టు కరెంటు 860 కిలో కేలరీల వేడిమి నిచ్చును. ఈ రెండు అంకెలు తెలిసినచో ఎవరి లెక్క వారే వేసికొనవచ్చును.

చలికాలమున నీరు 22 డిగ్రీలు గలదనియు, ఒక బొక్కెనకు 15 లీటర్ల చొప్పున 42 డిగ్రీల నీటితో స్నానము చేయుదురనియు అనుకొందము. 15 లీటర్లను 20 డిగ్రీలు హెచ్చించుటకు 300 కిలో కేలరీలు, అనగా 0.35 యూనిట్టు కావలెను. ఐదుగురికి దినమునకు 1,500 కిలో కేలరీలు, అనగా 1.75 యూనిట్లు. తొట్టినుండి వెలికి పోవు వేడిమిని కూడ కలిపి నెలకు 60 యూనిట్లని లెక్కింపవచ్చును. కార్తీకమునుండి మాఘము వఱకు నాలుగు నెలలకు 240 యూనిట్లు.

60 డిగ్రీలకు కాగిన 15 లీటర్ల గీజరు ఒక్కసారికి ఇద్దఱి స్నానమునకు ఇంచుమించు సరిపోవును. 25 లీటర్లది ముగ్గురికి చాలును. 2,000 వాట్ల కడ్డీతో మొదటిది తిరిగి కాగుటకు 20 నిమిషములు, రెండవది 33 నిమిషములు పట్టును. కావున ఐదుగురు గల యింటికి, ఒకరి తరువాత ఒకరు స్నానము చేయునప్పుడు, 25 లీటర్లది చాలును. పెద్దది ఉండిన మేలుగదా యని 50 లీటర్లది కొన్నచో వాడని నీటిని కూడ దినదినము కాచుట యగును.

4. కరెంటు, తీగ, ఎర్తు

పైని చెప్పిన కాలము 230 వోల్టుల కరెంటున్నప్పటి మాట. పంప్‌సెట్లు ఆడు వేళల మన యిండ్లలో వోల్టేజి 180కి దిగుట క్రొత్త కాదు. వోల్టేజి తగ్గినచో కడ్డీ బలము అంతకంటె హెచ్చుగ తగ్గును. 230కి 2,000 వాట్లిచ్చు కడ్డీ 180కి 1,225 వాట్లు మాత్రమే యిచ్చును. అప్పుడు 25 లీటర్లు కాగుటకు 54 నిమిషములు పట్టును. గీజరు చెడినదని తలచి దానిని మార్చినవారిలో కొందఱికి నిజమైన దోషము ట్రాన్స్‌ఫార్మరునొద్ద నుండియుండును. మరమ్మతుకు ముందు పనివానిచేత వోల్టేజిని కొలిపించుట ఇందులకే.

2,000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లను, 3,000 వాట్లది 13 ఆంపియర్లను లాగును. దీపములకును ఫ్యానులకును వేసిన సన్నని తీగ దీనిని మోయలేక కాగి కరగును. మొదటిదానికి 2.5, రెండవదానికి 4 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ కాని రాగితీగను పెట్టెనుండి నేరుగ లాగించి, 16 ఆంపియర్ల సాకెట్టును, ప్రత్యేకముగ ఎం.సి.బి.ని పెట్టింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఎర్తు. మూడు ముల్లుల ప్లగ్గులో లావైన ముల్లు ఎర్తుది. చాల యిండ్లలో సాకెట్టునకు మూడు రంధ్రములున్నను మూడవదాని వెనుక తీగ యుండదు. తీగయున్నను నేలలో ఎర్తు గుంట యుండదు. కొందఱు పనివారు సులువు కొఱకు ఎర్తు ముల్లును న్యూట్రలు తీగతో ముడివేయుదురు. ఇది ఎర్తు లేకుండుటకంటె హీనము. న్యూట్రలు తీగ ఎక్కడనైన తెగినచో గీజరు పైతొడుగంతయు కరెంటుతో నిండును. సరియైన ఎర్తుతోబాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. యను రక్షక స్విచ్చిని పెట్టించుకొన్నచో, కరెంటు దారితప్పి పారుట ఆరంభించినతోడనే అది తనంతట తానే పడిపోయి ప్రాణమును కాపాడును. దానిపై పరీక్షకై యొక మీట యుండును. నెలకొకసారి దానిని నొక్కి చూడవలెను. నొక్కినప్పుడు పడనిచో ఆ స్విచ్చి పనికిరాదు. ఈ రెంటికి డబ్బు చాలకున్నచో గీజరు కొనుటయే మఱుసటి సంవత్సరమునకు వాయిదా వేయుట యుక్తము.

5. ఏయే సాధనములు గలవు?

తొట్టి గీజరు: మీద వివరించినది ఇదియే. వోల్టేజి తక్కువగ నున్నను ఆలస్యముగనైన నీరు కాగును గావున పల్లెలకు అనుకూలము.

తొట్టి లేని క్షణిక గీజరు: నీరు పారుచుండగనే కాచును. చౌక, చిన్నది. 3,000 వాట్ల క్షణిక గీజరు నీటిని 20 డిగ్రీలు హెచ్చించుచు నిమిషమునకు 2 లీటర్లకంటె కొంచె మెక్కువ ఇచ్చును. బొక్కెన నిండుటకు 7 నిమిషములు. వోల్టేజి 180కి దిగినచో 11 నిమిషములు దాటును, లేదా నీరు గోరువెచ్చగ మాత్రమే వచ్చును. దీని సన్నని గర్భము కఠినజలమున త్వరగా పూడిపోవును. వంటింటిలో చేతులు కడుగుటకు తగును గాని ఇంటిల్లపాది స్నానమునకు తగదు.

హీటరు రాడ్డు: వెల అత్యల్పము. ఒక బొక్కెనకు పట్టు కరెంటు మాత్రము తొట్టి గీజరుకంటె ఏమియు హెచ్చు కాదు. అపాయమే హెచ్చు. రాడ్డు నీటిలో నున్నంతసేపు నీటిని వ్రేలితో ముట్టి చూడరాదు. ఇనుప బొక్కెనలో పెట్టరాదు. ముందు స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడదీసి, పిమ్మటనే రాడ్డును ముట్టవలెను. పిల్లలు తిరుగు చోట దీనిని వాడకుండుటయే శ్రేయము. తప్పనిసరిగ కొనవలసివచ్చినచో ఐ.ఎస్. 368 గుర్తు గలదానినే కొనవలెను.

గ్యాసు గీజరు: కరెంటు కోతలున్న చోట ఆకర్షించును. ఐదుగురి స్నానములకు దినమునకు సుమారు 170 గ్రాముల గ్యాసు పట్టును. 14.2 కిలోల సిలిండరు 80 దినములకు పైగా వచ్చును. లెక్కకు బాగుగనే యున్నది. కాని గాలి చాలని చోట గ్యాసు సరిగా మండక కార్బన్ మోనాక్సైడు పుట్టును. దీనికి వాసన లేదు, రంగు లేదు. రక్తమునందు ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైబడిన బలముతో అంటుకొనును. స్నానము చేయువాడు తల తిరుగుచున్నదని తెలిసికొనులోపలనే కాళ్ళు చచ్చి పడిపోవును. కావున గ్యాసు గీజరును ఎన్నడును స్నానపుగదిలో బిగింపరాదు. వెలుపలి గోడకు, గాలి పారు చోట బిగించి, నీటి గొట్టమును మాత్రము లోనికి తేవలెను. కిటికీ యున్నదిగదా యని సమాధానపడరాదు. చలికి కిటికీని మూయుట మానవ సహజము. వెలుపల బిగించుటకు తావు లేనివారు దీనిని కొనరాదు.

సౌర జలతాపకము: మిద్దె యిండ్లవారికి మేలైనది. మన దేశభాగమున చదరపు మీటరు తావుపై దినమునకు సగటున సుమారు 5 యూనిట్ల వేడిమికి సమానమైన యెండ పడును. 100 లీటర్ల సాధనము మంచి యెండలో దినమునకు 4 యూనిట్లకు పైబడిన పని చేయును. దక్షిణమునకు అభిముఖముగ, ఉదయము 9 గంటలనుండి సాయంకాలము 3 గంటల వఱకు నీడ పడని చోట నిలుపవలెను. చన్నీళ్ళ తొట్టి అడుగుభాగము వేడినీటి తొట్టికంటె ఎత్తున నుండవలెను. కఠినజలము గల చోట రాగిపలకల రకములో సన్నని గొట్టములు గారతో మూసికొనిపోవును. అచ్చట గాజుగొట్టముల రకము మేలు. గాజుగొట్టములను కోతులు పగులగొట్టు గ్రామములలో వల కప్పుట అవసరము. తెలంగాణమునను రాయలసీమలో పెక్కు భాగములందును చలికాలపు ఆకాశము నిర్మలముగ నుండును. నెల్లూరు తీరమున మాత్రము ఈశాన్య ఋతుపవనముచే కార్తీక మార్గశిరములలో మబ్బు పట్టు దినములు హెచ్చు గావున విద్యుత్ కడ్డీని సహాయముగ నుంచుకొనవలెను. కేంద్ర ప్రభుత్వమువారు వీనికి ఇచ్చుచుండిన సహాయధనము 2014లో నిలిచిపోయినది. ఇప్పటికిని సబ్సిడీ యున్నదని చెప్పి బయానా అడుగువారిని నమ్మక, మొదట కార్యాలయమున విచారించుకొనవలెను.

కట్టెల బాయిలరు, కాగు: వీనిని నిందింపబనిలేదు. నడుమ పొగగొట్టము గల రాగి బాయిలరు, మూడు రాళ్ళ పొయ్యిమీది కాగుకంటె చాల తక్కువ కట్టెలతో పనిచేయును. మూడు రాళ్ళ పొయ్యిలో నూటికి పది పదిహేను పాళ్ళ వేడిమి మాత్రమే నీటికి చేరును. ఆ లెక్కను ఐదుగురి స్నానములకు దినమునకు మూడున్నర కిలోలు, నాలుగు నెలలకు నాలుగు క్వింటాళ్ళకు మించిన కట్టెలు కావలెను. ప్రత్తికట్టె, కందికంప సమృద్ధిగ నున్న యింట ఇది భారము కాదు. పిడకలను మాత్రము ఇందుకు కాల్చుట పొలమునకు పోవలసిన ఎరువును కాల్చుటయే. ఏ వంటచెరకైనను పొగ లోపల నిలువకుండ ఆరుబయట వెలిగింపవలెను.

6. వెలయు, ఖర్చును

కొన్ననాడు ఇచ్చునది వెల. ఆ పిమ్మట నెలనెల ఇచ్చునది ఖర్చు. రెంటిని కలిపి చూచిననే నిజము తేలును. పైని చెప్పిన కుటుంబమునకు ఏటికి 240 యూనిట్లు. మీ బిల్లులో చివరి స్లాబునకు ఏ ధర పడుచున్నదో ఆ ధరతో దీనిని గుణింపవలెను. ఏలయన గీజరు కరెంటు ఎల్లప్పుడును ఉన్న వాడకముమీద చేరును గావున పై స్లాబులోనే పడును. తెలంగాణమున 2024లో ఆరంభమైన గృహజ్యోతి పథకము క్రింద నెలకు 200 యూనిట్ల లోపు వాడు అర్హులకు బిల్లు లేదు. ఇప్పటికే 150 యూనిట్లు వాడుచున్నవారికి గీజరు 60 యూనిట్లు చేరినచో ఆ నెల హద్దు దాటును. అట్టివారు గీజరు కొనుటకు ముందు గత చలికాలపు బిల్లులను తీసి చూచుకొనుట మంచిది.

సౌరసాధనము సంగతి చూతము. యూనిట్టు 6 రూపాయలనియు, సౌరసాధనము గీజరుకంటె 15,000 రూపాయలు హెచ్చనియు అనుకొందము. నాలుగు నెలలు మాత్రము వాడువానికి ఏటికి 1,440 రూపాయలు మిగులును. పెట్టిన సొమ్ము తిరిగి వచ్చుటకు పదియేండ్లు దాటును. పాడిపశువులు గలవాడు పాలక్యానులు కడుగుటకు ఏడాది పొడవునను అదే కొలతను వాడినచో ఏటికి 4,320 రూపాయలు మిగిలి మూడున్నర యేండ్లకే సొమ్ము తిరిగివచ్చును. సాధనము ఒక్కటే, ఎండ ఒక్కటే. వాడకమును బట్టి ఒకనికి లాభము, మఱియొకనికి నష్టము. పొరుగువాడు కొన్నాడని కొనరాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

7. కొనునప్పుడును బిగించునప్పుడును

తొట్టి గీజరుపై ఐ.ఎస్. 2082 అను అంకెతో గూడిన ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండవలెను. నక్షత్రముల చీటీ యుండును. నక్షత్రములు హెచ్చినకొలది నిలువయున్న నీటి వేడిమి తొట్టినుండి తక్కువగ పోవునని అర్థము. నీరు త్వరగా కాగునని కాదు. దినమంతయు స్విచ్చి వేసి యుంచువారికి నక్షత్రముల లాభము హెచ్చు. స్నానమునకు అరగంట ముందు వేసి వెంటనే తీసివేయువారికి తక్కువ.

ఎనిమిది బారుల ఒత్తిడిని తట్టునని వర్తకుడు గొప్పగ చెప్పును. నీటి తొట్టి పది మీటర్లు ఎత్తున నున్నచో కలుగు ఒత్తిడి సుమారు ఒక బారు. ఒత్తిడి పంపు లేని ఒంటి మిద్దె యింటికి ఈ గుణము కొఱకు ప్రత్యేకముగ హెచ్చు వెల ఇయ్యనక్కరలేదు. హామీ పత్రమున తొట్టికి, కడ్డీకి, మిగిలిన యంత్రమునకు వేర్వేఱు గడువు లుండును. కఠినజలముచే కలిగిన నష్టమునకు హామీ లేదను మాట యున్నదేమో చదివించుకొనవలెను. మరమ్మతు చేయువాడు దగ్గఱి పట్టణమున గలడో లేడో అడుగవలెను. బిల్లు లేనిదే కొనరాదు.

నీటితో నిండిన 25 లీటర్ల గీజరు సుమారు 35 కిలోలు తూగును. మట్టిగోడకు గాని, సన్నని అడ్డుగోడకు గాని వ్రేలాడదీయరాదు. వేడినీళ్ళ కొళాయి తిప్పి ధార నిండుగ వచ్చువఱకు స్విచ్చి వేయరాదు. ఖాళీ తొట్టిలో కడ్డీ క్షణములో కాలును. వేడిమిని 60 డిగ్రీలయొద్ద నిలుపుట ఉత్తమము. అంతకు మించినచో గార హెచ్చును, చాల తగ్గించి గోరువెచ్చగ నిలువచేసినచో నీటిలో హానికర క్రిములు పెరుగవచ్చును. 60 డిగ్రీల నీరు కొన్ని క్షణములలోనే చర్మమును కాల్చును గావున బొక్కెనలో ముందు చన్నీళ్ళు పట్టి, పిమ్మట వేడినీళ్ళు కలుపు అలవాటును పిల్లలకు నేర్పవలెను. స్నానమునకు దిగుటకు ముందే స్విచ్చి తీసివేయుట ఎల్లవారికిని నియమము కావలెను.

8. కలిసి చేయదగిన పని

ఒక్కొక్కరు వేర్వేఱుగ పోయి కొన్నచో వర్తకుడు చెప్పినదే వెల, పనివాడు చేసినదే పని. పదిమంది సభ్యులు కలిసి కొన్నచో వెలలో కొంత తగ్గింపును, ఒకే రకపు విడిభాగములును, ఏటికొకసారి ఒకే దినమున అందఱి యిండ్లకు వచ్చి గార తీసి మెగ్నీషియపు కడ్డీని చూచు పనివాడును లభించును. ఎరువులను, విత్తనములను కలిసి కొనుటయందు మనము చూచిన లాభమే ఇందును గలదు. ఊరిలోని ప్రతి బోరునీటికి ఒక పరీక్ష చేయించి ఆ అంకెలను సంఘము గోడపై వ్రాయించినచో అది అందఱికి ఉపకరించును. లైసెన్సు గల వైరుమానును పిలిపించి ఇంటింటి ఎర్తును పరీక్షింపజేయుటకు పట్టు ఖర్చును పంచుకొన్నచో ఒక్కొక్కరికి స్వల్పమే యగును.

సభ్యులు క్రమమును మాత్రము తప్పరాదు. మొదట పాతది చెడిన కారణము, రెండవది నీటి గుణము, మూడవది తీగయు ఎర్తును, నాలుగవది ఇంటి వాడకము, అన్నిటికంటె కడపట యంత్రము, దాని వెల. ఈ క్రమమున విచారించినవానికి మరమ్మతుతోనే పని జరుగవచ్చును. జరుగనిచో, ఏది కొనవలెనో దుకాణమునకు పోకముందే తెలిసియుండును. పుష్యమాసపు చలిలో ఇంటనున్న ముసలివారికి, బాలింతరాండ్రకు వేడినీరు భోగము కాదు, అవసరము. ఆ అవసరము అపాయము లేకుండ తీరునట్లు చూచుట ఇంటి యజమానుని ధర్మము. చలి ముదురకముందే, ఈ వారముననే, ఇంటిలోని ఎర్తును పరీక్షింపజేసి ఈ పనికి ఆరంభము చేయుదురుగాక.